గచ్చుకు వాటం, గొట్టానికి మట్టం

మా వైపు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కితే "సల్లగా ఉండు తల్లీ" అంటారు. అందరికీ అది దీవెన, నాకు మాత్రం అది ఉద్యోగం. ఉపగ్రహాల్లోనూ, సైన్యం వాడే పెట్టెల్లోనూ ఉండే ఎలక్ట్రానిక్స్ వేడెక్కి చావకుండా చూడటమే నేను జీవితమంతా చేసిన పని. మొగుణ్ణీ పిల్లల్నీ అంత చల్లగా చూసుకున్నానా అని మాత్రం అడక్కండి. వాళ్లను అడిగితే నాకే వేడి పుడుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు "మేడం, పుస్తకాల్లో లేనిది ఏదన్నా రాయండి" అన్నారు. పుస్తకాల్లో ఉన్నది నాకు సగం గుర్తులేదు కాబట్టి ఈ షరతు నాకు బాగా కలిసొచ్చింది. ఏ హోదా ఎప్పుడొచ్చిందో రాయను. ఫైళ్ల సంగతి అసలే రాయను. పని అంటే నిజంగా ఏమిటో, దాన్ని నాకు ఎవరు నేర్పారో రాస్తాను.

చలిలో ఉక్కపోత

బంధువులు కలిస్తే అడిగే ప్రశ్న ఒకటే. "పైన అంతా చలే కదమ్మే, మళ్లీ నువ్వు సల్లబెట్టేదేంది?"

న్యాయమైన ప్రశ్నే. పొగలు కక్కే కాఫీ చేతికిస్తే మనం ఏం చేస్తాం? ఊదుకుని తాగుతాం. పైన ఊదడానికి గాలి లేదు. ఇక్కడ మన చుట్టూ ఉన్న గాలి, మనం అడక్కుండానే, వేడిని రోజంతా మోసుకుపోతూ ఉంటుంది. ఆ గాలి లేనిచోట వేడికి రెండే దారులు. ఆనుకుని ఉన్న లోహంలోంచి మెల్లగా పాకిపోవాలి, లేదా బయటి పలక మీది నుంచి సెగలాగా శూన్యంలోకి వెళ్లిపోవాలి. ఆ దారులు మనం ముందే వేసిపెట్టకపోతే, చుట్టూ గడ్డకట్టే చలి ఉన్నా పెట్టె లోపల్లోపలే ఉడికిపోతుంది.

సైన్యం పెట్టెలది ఇంకో రకం బాధ. దుమ్ము, తేమ లోపలికి పోకూడదని సీలు వేసేస్తారు. కిటికీ లేని గదిలో వంట చేసినట్టు ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి ఎండలో నిలబెడతారు. మే నెలలో పూతలపట్టు కూడలిలో బస్సు కోసం నిలబడినవాళ్లకు ఆ పెట్టె కష్టం నేను చెప్పనక్కర్లేదు.

నా చదువు ఐరాల దగ్గర మా నాయన బెల్లం పొయ్యి పక్కనే మొదలైంది. దూరంగా నిలబడ్డా ముఖానికి తగిలే సెగ ఒకటి, గరిటె కాడ పట్టుకుంటే చేతికి పాకే వేడి ఒకటి. రెండూ వేరని అక్కడే తెలిసింది. ఇంజనీరింగు కాలేజీలో వాటికి ఇంగ్లిషు పేర్లు పెట్టారు. బారసాల మాత్రమే కాలేజీది, పిల్లలు మా పొయ్యివే.

"వేడి యాడికి పోతాండాది?"

నేను చేరింది నాయుడుపేట పక్కన పారిశ్రామికవాడలో ఒక చిన్న సంస్థలో. పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియనంత చిన్నది. అక్కడ నా పై అధికారి మునిరత్నం సార్, చిత్తూరు మనిషి. వేడి శాస్త్రంలో ఆయన మాటకు తిరుగులేదు. కాఫీ మాత్రం పూర్తిగా చల్లారిపోయాకే తాగేవాడు. "పనిలో వేడిగా ఉండేది సాలు" అనేవాడు.

నాకు అప్పజెప్పిన మొదటి పని ఒక రాడారు పెట్టె. లెక్క ప్రకారం ఎంత వేడెక్కాలో అంతకంటే ఎక్కువ వేడెక్కుతోంది. నేను లెక్క మళ్లీ చేశాను, ఇంకోలా చేశాను, చివరికి పెట్టెకు సరిపోయేలా లెక్కనే వంచే ప్రయత్నమూ చేశాను. ఒక పొద్దున సార్ వచ్చి నా కాగితాలవైపు చూడనైనా చూడకుండా అడిగాడు.

"వేడి యాడికి పోతాండాదమ్మా?"

"కింది పలకలోకి సార్."

"పోతాండాదా? పోవాలని నువ్వు అనుకుంటాండావా?"

బోల్టులు విప్పించాడు. పెట్టెను పైకెత్తి చూస్తే, దాని నాలుగు పాదాల అడుగున కూడా దట్టంగా, నున్నగా రంగు. పెయింటరు ఎంత శ్రద్ధగలవాడంటే, ఎవరి కంటా పడని అరికాళ్లకు సైతం రెండు పూతలు వేశాడు. లోహానికి లోహం తగలాల్సిన చోట మధ్యలో దుప్పటి కప్పినట్టయింది. ఆ రంగు గీకించి మళ్లీ బిగిస్తే పెట్టె చల్లబడింది.

"పారాణి పెట్టాల్సింది పెండ్లికూతురికి, పెట్టెకు కాదు" అన్నాడు సార్.

ఆ రోజు నుంచి ఆయన ప్రశ్నే నా పనిముట్టు. ప్రతి వేడికీ ఒక చిరునామా ఉండాలి. అది నువ్వు రాసుకున్న చిరునామా కాదు, వేడి నిజంగా చేరిన చిరునామా.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను, ఆయనకే నచ్చదు. కోపిష్టి. మీటింగుల్లో గొంతు పైకప్పుకు తగిలేది. ఒకసారి కుదిరిన పద్ధతిని మార్చమంటే అల్లుణ్ణి మార్చమన్నట్టు చూసేవాడు. ఇప్పుడు చెప్పబోయేది ఆ మొండితనం గురించే. అదే మనిషి పెద్దమనసు గురించి కూడా.

కొత్త హాలు

మా పనిలో హీట్ పైప్ అని ఒకటుంది. రెండు చివరలా మూసేసిన అల్యూమినియం గొట్టం. లోపలి గోడ పొడవునా సన్నటి గాడులు, అందులో కొంచెం అమ్మోనియా. ఒక చివర వేడి తగిలితే ఆ ద్రవం ఆవిరై రెండో చివరకు పరుగెడుతుంది, అక్కడ చల్లబడి మళ్లీ ద్రవమవుతుంది. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు, గాడులు ఆ ద్రవాన్ని వెనక్కి లాక్కొస్తాయి. మోటారు లేదు, కరెంటు లేదు. వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తూనే ఉంటుంది.

దీన్ని నేలమీద పరీక్షించేటప్పుడు ఒకటే నియమం. గొట్టం ఖచ్చితంగా మట్టంగా పడుకుని ఉండాలి, అంటే అటూ ఇటూ వెంట్రుకవాసి వాలకూడదు. వేడి తగిలే చివర పల్లంలో ఉందనుకోండి, ద్రవం దానంతటదే అటు జారుతుంది. గాడులు పాడైనా గొట్టం భేషుగ్గా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. పైకి పోయాక మెరకా లేదు, పల్లమూ లేదు. అక్కడ గాడులే దిక్కు. కింద పల్లం చేసిన సాయాన్ని గొట్టం గొప్పతనం అనుకున్నామంటే పైన కొంప మునుగుతుంది.

ఒక ఉపగ్రహం పలకలోకి అలాంటి గొట్టాలు కొన్ని వెళ్లాల్సి ఉంది. పరీక్ష అయ్యాక వాటిని పలక మధ్యలో పెట్టి జిగురుతో అతికించేస్తారు. అతికించాక మళ్లీ బయటికి తీయడం అనేది లేదు. దోసె కాల్చాక పిండి వెనక్కి రమ్మంటే వస్తుందా? సార్ రిటైరయ్యే నెల అది. ఆయన చేతి మీదుగా జరిగే ఆఖరి పని ఇదే.

సరిగ్గా అప్పుడే మేము కొత్త హాలుకు మారాం. పాత హాల్లో నేలను ప్రత్యేకంగా రాతి పలకలు పరిచి మట్టం చేయించారు. అందుకని సార్ ఎన్నో ఏళ్లుగా బల్ల రెండు చివరల ఎత్తునూ నేల నుంచి స్టీలు స్కేలుతో కొలిచేవాడు. రెండూ సమానమైతే బల్ల మట్టం. కొత్త హాల్లోనూ ఆయనే వంగి, ఆ చివరా ఈ చివరా కొలిచాడు. మట్టం చూసే అసలు సాధనాలు ఇంకా విప్పని అట్టపెట్టెల్లో ఉన్నాయి.

"సమానం. కానీండి" అన్నాడు.

పరీక్షల్లో నాకు తోడు జరీనా, చిత్తూరు టౌను అమ్మాయి. వేడి కొలిచే సన్నటి తీగలను గొట్టం పొడవునా టేపుతో అతికించడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. నోరు ఇంకా అందెవేసింది. శనివారానికి గొట్టాలన్నీ అయిపోయాయి. అన్నీ పాసే. పాసంటే మామూలు పాసు కాదు, లెక్కకంటే మెరుగ్గా వచ్చాయి. సార్ ముఖంలో పెళ్లికళ. ప్రతిదాన్నీ అనుమానించే మనిషి ఆ రోజు తన ప్రశ్న అడగలేదు. మాకూ తోచలేదు. ఫలితం చెడ్డగా వస్తే పది రకాలుగా అనుమానిస్తాం, మంచిగా వస్తే చప్పట్లు కొడతాం. ఇది మా పనిలో అతి పెద్ద జబ్బు.

సామాను సర్దుతుంటే జరీనా చేతిలోంచి టేపు చుట్ట జారింది. అంచుమీద నిలబడి, తాపీగా, ఎవరో పిలిచినట్టు దొర్లుకుంటూ పోయి తలుపు గడపకు తగిలి పడింది.

"సూడక్కా! శనివారం కదా, టేపుక్కూడా ఇంటికి పోవాలనుండాది!" అంది జరీనా.

అందరం నవ్వాం. టేపు తీసి ఆమె చేతికిచ్చింది నేనే. సోమవారం పొద్దున జిగురు పని.

ఆదివారం, మా ఇంటి గచ్చు

తిరుపతిలో మా ఇల్లు. ఆదివారం వసారా కడుగుతున్నాం. మా అత్త బకెట్టెడు నీళ్లు పోసింది. ఆ నీళ్లు అటూ ఇటూ చూడకుండా నేరుగా తూముకు పోయాయి.

"వాటం అంటే ఇదీ" అంది అత్త మురిసిపోతూ. "ఒక్క సుక్క నిలబడదు. ఆ మేస్త్రి చేతికి దండం పెట్టాల."

"అందరూ ఇస్తారులే అత్తా."

"అవునమ్మే, గచ్చుకు వాటం ఇయ్యని మేస్త్రి యాడన్నా ఉంటాడా?"

చేతిలో పొరక అలాగే ఉండిపోయింది. యాడన్నా ఉంటాడా? ఉండడు. మా కొత్త హాలు కట్టిన మేస్త్రి కూడా ఉండడు. ఇల్లయినా బడి అయినా ప్రయోగశాల అయినా, నీళ్లు తలుపువైపు పోవాలని చెయ్యి అలవాటుకొద్దీ వాటం ఇచ్చేసి ఉంటాడు. వాలిన నేల నుంచి సమానంగా కొలిస్తే బల్ల కూడా అంతే వాలుతుంది. కరెంటు ప్లగ్గులు తలుపు పక్కనే ఉన్నాయి కాబట్టి ప్రతి గొట్టానికీ వేడి చివర తలుపువైపే పెట్టాం. అంటే ప్రతి గొట్టానికీ వేడి చివర పల్లంలోనే ఉంది. టేపు చుట్ట మాకు శనివారమే చెప్పింది, మేము నవ్వాం.

ఫోను తీశాను, పెట్టేశాను. ఏమని చెప్పను? "సార్, మా అత్త ఇల్లు కడుగుతుంటే మీ కొలత తప్పని తెలిసింది" అనా? ఇంకొన్ని రోజుల్లో దండ వేయించుకుని వెళ్లబోయే మనిషి. నాకు ఓనమాలు నేర్పిన మనిషి. పైగా గొట్టాలన్నీ నిజంగానే మంచివి కావచ్చు, అప్పుడు అనవసరంగా ఆయన ఆఖరి పనిమీద బురద చల్లినదాన్నవుతాను. నేను మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. పైకి పోయాక ఎక్కి చూసేవాళ్లు ఎవరుంటారు?

ఆ పూట నేను చేసిన పప్పులో ఉప్పు లేదు, చారులో చింతపండు లేదు. ఇంట్లో అందరూ అలాగే తినేశారు. నా ముఖం చూసి జాలిపడ్డారు.

సోమవారం

మొదటి బస్సుకే బయల్దేరి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరేదాకా చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకున్నాను. హాల్లోకి అడుగుపెట్టేసరికి జిగురు బయటికి తీసి పెట్టారు. సార్ చేతులకు గ్లవుజులు తొడుగుతున్నాడు. నేను నేర్చుకున్న వాక్యాలన్నీ గడప బయటే ఆగిపోయాయి.

"సార్, ఒక్క నిమిషం" అన్నాను.

జరీనా చేతిలోంచి టేపు చుట్ట తీసుకుని నేలమీద అంచుమీద నిలబెట్టి వదిలాను. తలుపుకు పోయింది. తెచ్చి పరీక్ష బల్ల మీద పెట్టాను. కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, వేడి చివర పెట్టే వైపుకు మెల్లగా కదిలి, బల్ల మీది నుంచి కింద పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సార్ ఆ టేపును చూశాడు, స్కేలును చూశాడు, నేలను చూశాడు. అరుస్తాడని కళ్లు దించుకున్నాను.

"వేడి యాడికి పోతాండాది అని ఇన్నేండ్లు అందర్నీ అడిగినానే" అన్నాడు చాలా నెమ్మదిగా. "నా కాళ్లకింద నీళ్లు యాడికి పోతాయో అడక్కపోతినే."

గ్లవుజులు తీసేశాడు. "జరీనా, జిగురు లోపల పెట్టమ్మా."

"ఇవ్వాల్సిన తేదీ దాటిపోతుంది సార్" అని వెనక ఎవరో గొణిగారు.

"తేదీ మళ్లా వస్తాది. పైకి పోయింది మళ్లా రాదు" అన్నాడు సార్.

సాధనాలున్న అట్టపెట్టె దొరకలేదు. హాలు కట్టి, ఇప్పుడు బయట ప్రహరీ గోడ కడుతున్న మేస్త్రి దగ్గర నీళ్లు నింపిన పారదర్శక గొట్టం ఉంటే అడిగి తెచ్చాం. రెండు చివరలా నీటి ఎత్తు చూసి మట్టం పట్టే గొట్టం. ఎందుకని అడిగి, సంగతి విన్నాక మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "వాటం ఇయ్యలేదని తిట్టినోళ్లను సూసినా గానీ, ఇచ్చినానని తిట్టేది మిమ్మల్నే సూస్తాండా సార్!"

"నిన్ను కాదప్పా, నన్ను తిట్టుకుంటాండా" అన్నాడు సార్. నీళ్ల గొట్టంతో అల్యూమినియం గొట్టాన్ని మట్టం చేశాం. బల్ల కాళ్లకింద చెక్క చీలికలు దోపుతుంటే తెలిసింది, ఒక చివర వేలి మందం కిందికుంది.

మళ్లీ ఒక్కొక్కటే పరీక్షించాం. మొదటి గొట్టం బాగుంది. ఆ తర్వాతవీ బాగున్నాయి. ఒక్కొక్కటి పాసవుతున్నకొద్దీ నా మనసు చివుక్కుమంటోంది. అన్నీ బాగుంటే, ఆయన్ని అందరి ముందూ నిలబెట్టింది దేనికి? అంతలో ఒక గొట్టం కాసేపు మిగతావాటిలాగే నడిచింది, ఉన్నట్టుండి దాని వేడి చివర మరీ వేడెక్కసాగింది. తెరమీద అంకె పెరుగుతూనే పోయింది. రెండో చివర మాత్రం చల్లగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ద్రవం తిరిగి రావడం లేదు. తర్వాత కోసి చూస్తే, గాడుల్లో ఒకచోట లోహపు రజను ఇరుక్కుని ఉంది.

హీటరు ఆపేసి సార్ స్టూలు మీద కూర్చున్నాడు. నవ్వుతున్నాడు. తప్పు బయటపడిన మనిషి ముఖం అలా ఉంటుందని నేను అనుకోలేదు. రైలు కింద పడబోతే ఎవరో ఇవతలికి లాగేసిన మనిషి ముఖంలా ఉంది.

"అమ్మా శారదా" అన్నాడు, "నువ్వు నోరు మూసుకోనుంటే నేను సంతోషంగా దండ ఏసుకోని ఇంటికి పోయుంటా. ఈడ నా దండ వాడిపోయుండు, ఆడ పైన డబ్బా మాడిపోయుండు."

ఆయన అడిగే కొత్త ప్రశ్న

వీడ్కోలు సభలో అందరూ ఆయన గొప్పలు చెప్పారు. మైకు తన చేతికొచ్చాక సార్ చెప్పింది ఈ ఒక్క కథే. తాను స్కేలు పట్టుకుని ఎలా వంగాడో వంగి మరీ చూపించాడు. మా అత్తకు మైకులోనే దండం పెట్టాడు. సభంతా నవ్వింది. నేను ఏడ్చాను. జరీనా తన కొంగు ఇవ్వబోయి, "టేపు కావాల్నా అక్కా, కండ్లకు అతికిస్తా" అంది.

అప్పటినుంచి మా హాల్లో ఒక ఆచారం ఏర్పడింది. గొట్టాల పరీక్షకు ముందు, సాధనాలతో మట్టం చూశాక కూడా, టేపు చుట్టను బల్లమీద నిలబెడతారు. అది కదలకపోతేనే హీటరు వేస్తారు. శాస్త్రం ప్రకారం అది అనవసరం. మేము చేసిన పనుల్లో అంత అవసరమైనది ఇంకోటి లేదని నా నమ్మకం.

సార్ చిత్తూరులో స్థిరపడ్డాక అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. ఆయన ప్రశ్న మారింది. "ఈ మధ్య నీ తప్పు ఎవురన్నా చెప్పినారా?"

లేదు సార్ అంటే సంతోషించేవాడు కాదు. "అట్లయితే జాగ్రత్తమ్మా. నీకు తప్పులు లేక కాదు, నీకాడ చెప్పేదానికి భయపడతాండారు."

నేను మంచి అధికారిని అనుకునేదాన్ని. ఆ ఫోను పెట్టేసిన ప్రతిసారీ కొంచెం తక్కువగా అనుకునేదాన్ని. పిల్లలూ, ఈ పనిలో లెక్కలు కంప్యూటరు చేస్తుంది, వేడి దాని దారిన అది పోతుంది. మీరు చేయాల్సిందల్లా, మీకంటే చిన్నవాళ్లు "ఒక్క నిమిషం" అనగలిగే గదిని తయారుచేయడం. నాకు అలాంటి గది దొరికింది. దొరికిందని ఇప్పటికీ నమ్మలేను.

నేను రిటైరయ్యే వారంలో ఒక సైన్యం పెట్టెకు పరీక్ష జరుగుతోంది. గాలి ఆడనిచోట పెట్టె ఎంత వేడెక్కుతుందో చూడాలి. ఫలితం బాగా వచ్చింది, లెక్కకంటే బాగా. నేను తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాను. ఏడాది క్రితం చేరిన దివ్య అనే ఇంజనీరు నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మేడం, ఒక్క నిమిషం. మీ ఫ్యాను గాలి పెట్టెకు తగులుతా ఉండాది."

చూశాను. ఉక్కపోస్తోందని నేనే పక్కన పెట్టించుకున్న టేబులు ఫ్యాను. గాలి విలువ గురించి ఊరూరా పాఠాలు చెప్పిన దాన్ని నేనే. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. జరీనా మాత్రం బిగబట్టలేదు. "పోనీలే అక్కా, పెట్టె సంగతేమో గానీ నువ్వు సల్లంగా ఉండావు!"

ఫ్యాను ఆపించి, పరీక్ష మొదటినుంచి పెట్టించాను. సాయంత్రం బస్సు ఎక్కకముందే చిత్తూరుకు ఫోను చేశాను.

"సార్, ఈ పొద్దు నా తప్పు చెప్పినారు."

"ఎవరి ముందర?"

"అందరి ముందర."

ఆయన గొంతులో వయసు తెలుస్తోంది. మళ్లీ అడిగాడు. "చెప్పేటప్పుడు ఆ పాప గొంతు వణికిందా?"

గుర్తుచేసుకున్నాను. ఆ సోమవారం నాది వణికింది. దివ్యది వణకలేదు.

"లేదు సార్."

"అట్లయితే ఇంగ నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నాడు మునిరత్నం సార్. "సల్లగా ఉండు తల్లీ."